కనీస నిల్వ జరిమానా పోయిందని నిశ్చింతగా ఉండొచ్చా?

2025 జూన్‌లో కెనరా బ్యాంకు, జులైలో పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు పొదుపు ఖాతాల్లో కనీస నిల్వ లేకపోతే వేసే జరిమానాను ఎత్తేశాయి. స్టేట్ బ్యాంకు 2020లోనే ఆ పని చేసింది. ఇక భయం లేదని మనవాళ్లు చాలామంది అనుకుంటున్నారు. మాకు మాత్రం సగం ధైర్యమే కలిగింది.

ఆ ఆగస్టులోనే ఐసీఐసీఐ బ్యాంకు నగరాల్లో తెరిచే కొత్త ఖాతాలకు నెలవారీ సగటు నిల్వ 50 వేల రూపాయలుండాలని ప్రకటించింది. విమర్శలు వచ్చాక 15 వేలకు దించింది. కనీస నిల్వ ఎంతన్నది బ్యాంకులే నిర్ణయించుకుంటాయని రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా అప్పుడే చెప్పారు. అంటే బ్యాంకు తనంతట తాను ఇచ్చిన మినహాయింపును తానే తీసేయవచ్చు.

బ్యాంకు ఇష్టంతో పనిలేనిది బేసిక్ సేవింగ్స్ ఖాతా. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ప్రైవేటు బ్యాంకులు కూడా దీన్ని ఇవ్వాలి. కనీస నిల్వ అక్కర్లేదు. ఏటీఎం కార్డు ఉచితం. నెలకు కనీసం 4 సార్లు రుసుము లేకుండా డబ్బు తీసుకోవచ్చు, ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. అయితే అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఉండకూడదు. ఉన్న ఖాతానే ఇందులోకి మార్చమని రాసివ్వవచ్చు. జన్‌ధన్ ఖాతా కూడా ఈ కోవలోదే.

మరి మనవాళ్లు దీన్ని ఎందుకు అడగరు? బ్యాంకు ఫారాలు ఇంగ్లీషు, హిందీ, ఆ రాష్ట్ర భాషల్లో ఉంటాయి. మా బరంపురంలో ఆ మూడోది ఒడియా. మన పెద్దవాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు, చదవడం మాత్రం తెలుగే. అందుకే వేలు పెట్టి చూపిన చోట సంతకం పెట్టి వచ్చేస్తారు. మా సంఘానికి వచ్చే ఒక పెద్దమ్మగారి వితంతు పింఛనులో కోత పడింది. పాసుపుస్తకం చూస్తే ఆవిడది మామూలు పొదుపు ఖాతా! ఆవిడ అడిగింది ‘పింఛను ఖాతా’, వాళ్లు తెరిచింది ఇది. దరఖాస్తు రాయించి మార్పించాం. పోయిన డబ్బు మాత్రం రాలేదు.

కాబట్టి బ్యాంకుకు వెళ్లినప్పుడు ‘బేసిక్ సేవింగ్స్’ అని పేరు పెట్టి అడగండి. కాదంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే.

ఏళ్ల తరబడి ఫారాలు నింపిన చేతులు మావి. పాసుపుస్తకం పట్టుకుని సంఘానికి రండి, కలిసి చూద్దాం.