కంకర తెలిసిన చేతికే యంత్రం

రైలు పట్టాల కింది కంకర నిశ్చలంగా కనిపిస్తుంది గానీ, బండి వెళ్లిన ప్రతిసారీ రాయి రాయిని ఒరుసుకుంటూనే ఉంటుంది. అంచులు అరిగి పొడి రాలుతుంది. గాలి తెచ్చిన దుమ్ము, వ్యాగన్ల నుంచి జారిన బొగ్గు, అడుగు నుంచి ఊరి పైకొచ్చే మట్టి ఆ పొడికి తోడవుతాయి. కొన్నేళ్లకు రాళ్ల సందులు పూడిపోయి వాన నీరు దిగే దారి మూసుకుపోతుంది. నీరు నిలిచిన చోట పట్టా కుంగుతుంది, కుంగిన చోట బండి ఊగుతుంది, ఆ ఊపుకు కంకర ఇంకా నలుగుతుంది. నల్లరేగడి నేలల మీదుగా పోయే లైన్లలో, కాజీపేట–బల్లార్షా వంటి బొగ్గు బళ్ల మార్గాల్లో ఈ బాధ మరీ ఎక్కువ.

అందుకే పదేళ్లకోసారైనా కంకరను అడుగు దాకా పెకలించి, జల్లించి, మంచి రాయిని తిరిగి పరచాలని మన రైల్వేలు నియమం పెట్టుకున్నాయి. దీన్నే డీప్ స్క్రీనింగ్ అంటారు. ఒకప్పుడు గ్యాంగులు గడ్డపారలతో, జల్లెడలతో రోజుల తరబడి చేసిన ఈ పనిని ఇప్పుడు ముఖ్యమైన మార్గాల్లో కంకర శుద్ధి యంత్రం చేస్తోంది. దాని వెనక పట్టాలెత్తి, సరిచేసి, స్లీపర్ల కింద కంకరను దట్టించే ట్యాంపింగ్ మిషన్, కంకరను సర్దే రెగ్యులేటర్, పట్టాలను అదిమి కుదురుకునేలా చేసే స్టెబిలైజర్ వరుసగా వస్తాయి. వీటిలో చాలావాటి మూలం ఆస్ట్రియాకు చెందిన ప్లాసర్ అండ్ థోయరర్ సంస్థ. దాని భారతీయ శాఖ ఫరీదాబాద్‌లో వీటిని తయారు చేస్తోంది. కోట్లు పోసి ఈ యంత్రాలు కొనడంలో చూపిన శ్రద్ధను, వాటి చుట్టూ పనిచేసే మనిషికి మొదటి పాఠాలు చెప్పడంలో మనం చూపడం లేదు. ఈ వ్యాసంలో నా ఫిర్యాదు అదే.

ఆ మొదటి పాఠాలు ఏమిటో కాస్త వివరంగా చూడాలి. కంకర శుద్ధి యంత్రం పని మొదలెట్టాలంటే ముందుగా గ్యాంగు స్లీపర్ల మధ్య గొయ్యి తవ్వాలి. అందులోంచి కట్టర్ బార్‌ను పట్టాల కింద దూర్చి, గొలుసు కొనలను కలుపుతారు. గొలుసుకున్న ఉక్కు గోళ్లు కంకరను పెకలించి పైకి మోసుకెళ్లి, కంపించే జల్లెడల మీద పోస్తాయి. చాటలో బియ్యం చెరిగినట్టు మంచి రాయి పట్టాల కిందికే తిరిగి వస్తుంది, చెత్త పక్కకు పోతుంది. చూడటానికి అంతా యంత్రమే చేస్తున్నట్టు ఉంటుంది. కానీ సిగ్నల్ కేబుల్ ఎక్కడ పాతి ఉందో ముందే కనిపెట్టి పక్కకు జరపాల్సింది మనిషే. అడుగు కోత బయటి వైపుకు వాలుగా వస్తోందా లేదా చూడాల్సిందీ మనిషే. వాలు తప్పితే జల్లించిన కంకర కిందే నీరు మడుగు కడుతుంది. చెత్తను కట్ట అంచు మీద కుప్పగా వదిలేస్తే తొలి వానకే అది మళ్లీ కంకరలోకి దిగుతుంది. అంటే కోట్ల రూపాయల యంత్రం చేసిన పని ఒక్క వానాకాలంలో చెడిపోతుంది. ఈ సంగతి తెలిసిన కూలీ చెత్త పడే చోటును చూసి చెయ్యెత్తి హెచ్చరిస్తాడు. తెలియనివాడు పార పట్టుకుని నిలబడతాడు. తప్పు అతనిది కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు.

ట్యాంపింగ్ దగ్గర ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. యంత్రం పట్టాలను కొంచెం పైకెత్తి పట్టుకుని, స్లీపర్‌కు రెండు వైపులా ఉక్కు టైన్లను కంకరలోకి దించుతుంది. అవి సెకనుకు 35 సార్లు కంపిస్తూ రాళ్లను స్లీపర్ కిందికి నొక్కుతాయి. కిలోమీటరుకు 1,660 దాకా స్లీపర్లు. ఒక్కో కాంక్రీటు స్లీపర్ పావు టన్నుకు పైగా బరువు. ఇంత బరువును సమంగా మోసే పరుపు కావాలంటే టైన్లు సరైన లోతుకు దిగాలి. మరీ పైన ఆగితే స్లీపర్ అంచును కొడతాయి, మరీ కిందికి పోతే నొక్కాల్సిన చోట నొక్కవు. టైను కొన అయిదో వంతుకు మించి అరిగితే మార్చేయాలి. అరిగిన టైనుతో ఎంతసేపు నొక్కినా స్లీపర్ కింద బోలుగానే ఉంటుంది. వీటన్నిటికంటే ముందు అక్కడ కంకర ఉండాలి. రాయి తక్కువైన చోట యంత్రం గాలిని నొక్కుతుంది. ఆ రోజుకు పట్టా చక్కగా కనిపించినా, నాలుగు గూడ్సు బళ్లు పోయాక మళ్లీ మొదటికే వస్తుంది. ట్యాంపింగ్ మిషన్ వచ్చే ముందే కంకర బండి రావాలనీ, ఏ స్లీపర్ వంకరగా జరిగిందో సరిచేసి ఉంచాలనీ తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. ఒక పూట, యంత్రం పక్కన నిలబెట్టి, అర్థమయ్యే భాషలో చెబితే చాలు.

ఇక ఎండ. రామగుండం వైపు మేలో గాలి వేడి 45 డిగ్రీలు దాటిన రోజున పట్టా 60 దాటుతుంది. మైళ్ల కొద్దీ అతుకుల్లేకుండా వెల్డింగ్ చేసిన పట్టాలు సాగడానికి చోటు లేక లోపలే బిగుసుకుంటాయి. వాటిని పక్కకు పోనివ్వకుండా ఆపేది ఎక్కువగా కంకరే. ఆ కంకరనే మనం కదిపితే? అందుకే పట్టాలు ఒత్తిడి లేకుండా బిగించిన ఉష్ణోగ్రత కంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు ఇలాంటి పని చేయకూడదని నిబంధన. కంకర కదిపిన తర్వాత కొన్నాళ్లు బళ్లను నెమ్మదిగా పంపేదీ అందుకే. స్టెబిలైజర్ ఒకసారి నడిస్తే దాదాపు లక్ష టన్నుల రాకపోకల వల్ల వచ్చే కుదురు వస్తుందంటారు. అయినా అది పూర్తి భద్రత కాదు. పట్టా మీద థర్మామీటరు పెట్టి ఆ అంకె ఎందుకు చూస్తున్నారో గ్యాంగులో ఆఖరి మనిషికీ తెలిసి ఉండాలి. ఎందుకంటే బ్లాకు, అంటే బళ్లు ఆపి పట్టాల పనికి ఇచ్చే సమయం, చేజారిపోతోందన్న తొందరలో పైవాళ్లు ఆ అంకెను పక్కన పెట్టినప్పుడు, నోరు విప్పి అడగగలిగేది తెలిసినవాడే.

శిక్షణ అసలు లేదని నేను అనడం లేదు. ట్రాక్ యంత్రాల కోసమే ప్రయాగ్‌రాజ్‌లో 1984 నుంచి ఒక శిక్షణ కేంద్రం నడుస్తోంది. పుణేలో సివిల్ ఇంజనీర్ల సంస్థ ఉంది. మన మౌలాలీలో జోనల్ శిక్షణ సంస్థ ఉంది. యంత్రం నడిపే జూనియర్ ఇంజనీర్లు, టెక్నీషియన్లు హైడ్రాలిక్స్, విద్యుత్ వలయాలు నేర్చుకునే వస్తారు. లోటు కింది మెట్టులో ఉంది. యంత్రం చుట్టూ పదుల సంఖ్యలో పనిచేసే ట్రాక్ మెయింటెయినర్లు, హెల్పర్లు, కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు ఆ పనిని చూసీ చూసీ నేర్చుకుంటున్నారు. చూసి నేర్చుకున్నవాడికి ‘ఎలా’ తెలుస్తుంది, ‘ఎందుకు’ తెలియదు. పరిస్థితి మారిన రోజున అక్కరకొచ్చేది రెండోదే.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రైల్వేలో లెవల్-1 కొలువుకు పరీక్ష తెలుగులో రాయవచ్చు. ట్రాక్ మెషీన్ అసిస్టెంటు పోస్టులు కూడా ఆ పరీక్షతోనే భర్తీ అవుతాయి. మహబూబాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో తెలుగులో పరీక్ష రాసి వచ్చిన కుర్రాడి చేతికి ఆ తర్వాత దొరికే మాన్యువళ్లు ఇంగ్లీషువి, హిందీవి. కొలువు ఇవ్వడానికి పనికొచ్చిన తెలుగు, ప్రాణం కాపాడే పాఠం చెప్పడానికి ఎందుకు పనికిరాదు? ట్యాంపింగ్, టైను, బ్లాకు, కాషన్ ఆర్డరు వంటి మాటలను ఎవరూ అనువదించనక్కర్లేదు. గ్యాంగుల్లో అవి ఎప్పుడో తెలుగు మాటలైపోయాయి. కావాల్సింది వాటి చుట్టూ ఉన్న వివరణ.

శిక్షణకు సమయం ఎక్కడిదని అధికారులు అడుగుతారు. బ్లాకులే దొరకడం లేదు, దొరికిన రెండు మూడు గంటల్లో పని చేయాలా, పాఠం చెప్పాలా అన్నది వారి ప్రశ్న. అందులో నిజముంది. పట్టాలు తప్పిన ప్రమాదాల మీద కాగ్ 2022లో ఇచ్చిన నివేదిక, ట్రాక్ యంత్రాలు ఖాళీగా పడి ఉండటానికి కారణాలు లెక్కగట్టింది: 32 శాతం సందర్భాల్లో ఆపరేటింగ్ విభాగం బ్లాకు ఇవ్వలేదు, 30 శాతంలో డివిజన్లు బ్లాకుకు ప్రణాళికే వేసుకోలేదు. ఈ లెక్క చూసినవారు బ్లాకుల కోసం పోరాడాలంటారు. పోరాడాలి. కానీ బ్లాకు మొదలయ్యాక కట్టర్ బార్ దూర్చడానికి, ముగిసే ముందు విప్పి లైను అప్పగించడానికి పోయే సమయం ఎంతన్నది గ్యాంగు నేర్పు మీదే ఆధారపడుతుంది. గొయ్యి ముందే సరైన కొలతకు తవ్వి ఉంటే నిమిషాలు మిగులుతాయి. రాత్రి బ్లాకులో, దీపాల వెలుగులో, అడ్డొచ్చిన కేబుల్‌ను అప్పుడు కనిపెడితే ఆ బ్లాకు మొత్తం పోతుంది. బ్లాకులు తక్కువగా ఉన్నందువల్లనే శిక్షణ మరింత అవసరమని నేననేది అందుకే.

ప్రాణాల లెక్క వేరే ఉంది. రైల్వే భద్రతపై అనిల్ కకోద్కర్ కమిటీ 2012లో ఇచ్చిన నివేదిక, అంతకు ముందు అయిదేళ్ల కాలంలో సుమారు 1,600 మంది రైల్వే సిబ్బంది విధుల్లో చనిపోయారని తేల్చింది. ప్రయాణికుడు చనిపోతే వార్త మొదటి పేజీకి ఎక్కుతుంది. గ్యాంగ్‌మన్ చనిపోతే జిల్లా పేజీలో నాలుగు వరుసలు. కంకర యంత్రం పనిచేసే చోట హోరులో పక్క లైను మీద వచ్చే బండి కూత వినిపించదు. దుమ్ములో కనిపించదు. ఏ వైపుకు తప్పుకోవాలి, ఎవరి ఈల విని పని ఆపాలి, పక్క లైనులోకి అడుగు ఎప్పుడు పెట్టకూడదు అన్నవి యంత్రం స్టార్టు కాకముందే ప్రతి మనిషి చేతా చెప్పించాల్సిన మాటలు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేసే హానీ, హోరు చెవులకు చేసే హానీ కూడా ఈ పాఠంలో భాగమే. మాస్కు ఇచ్చి సంతకం తీసుకుంటే సరిపోదు. 2017 ఆగస్టులో ఖతౌలీ దగ్గర ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి 20 మందికి పైగా చనిపోయినప్పుడు, బ్లాకు లేకుండానే పట్టాల పని సాగుతోందని బయటపడింది. నియమం కాగితం మీద ఉండటానికీ, పనిచేసేవాడి ఒంట పట్టడానికీ మధ్య దూరం అంత ఖరీదైనది.

చేయాల్సినవి అసాధ్యమైనవి కావు. సర్వీసు ముగిసిన పాత యంత్రాలను తుక్కుకు అమ్మే ముందు సికింద్రాబాద్, విజయవాడ, గుంతకల్లు వంటి చోట్ల ఒక్కొక్కటి శిక్షణ కోసం ఉంచవచ్చు. టైను, గొలుసు, జల్లెడ చేత్తో ముట్టుకుని నేర్చుకుంటే మరిచిపోరు. వానలకు పని మందగించే వారాలను పాఠాలకు కేటాయించవచ్చు. బొమ్మలతో, పెద్ద అక్షరాలతో, జేబులో పట్టే తెలుగు పుస్తకం ఒకటి తేవచ్చు. చెప్పడానికి పాత మేట్లు, కీమన్లు ఉన్నారు. కర్ర సుత్తితో స్లీపర్‌ను తట్టి, శబ్దాన్ని బట్టి కింద బోలుగా ఉందో లేదో చెప్పగల చెవులు వారివి. రిటైరయ్యాక వారిని పిలిచి, గౌరవంగా పారితోషికమిచ్చి, కొత్తవారి పక్కన నిలబెట్టాలి. ఆ తరం మరో పదేళ్లలో పూర్తిగా వెళ్లిపోతుంది.

కాంట్రాక్టు కూలీల విషయంలో టెండరు షరతే మారాలి. యంత్రం దగ్గర పనికి తెచ్చే ప్రతి మనిషికీ ఒక రోజు శిక్షణ, ఆ రోజుకు పూర్తి కూలీ, చివర రాత పరీక్ష కాకుండా యంత్రం పక్కనే నోటితో చెప్పి చేసి చూపించే పరీక్ష ఉండాలి. ఆ ఖర్చును కాంట్రాక్టరు రేటులో వేరే పద్దుగా చూపాలి. పద్దు వేరుగా ఉంటేనే దాన్ని మిగుల్చుకోవాలన్న ఆశ పుట్టదు, శిక్షణ జరిగిందో లేదో తనిఖీ చేయడానికి సెక్షన్ ఇంజనీరుకు అధికారమూ ఉంటుంది.