బండ మీద స్టవ్వుకైనా చోటివ్వండి

శనివారం సాయంత్రం రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దిక్కు పోయే బైకుల వెనక గుడారాల చుట్టలు కనబడటం ఇప్పుడు వింతేమీ కాదు. కాసేపు చెరువు చూసి, గుట్టెక్కి, రాత్రికి ఎక్కడో ఓ చోట నడుం వాలుస్తారు. అందులో తప్పుపట్టాల్సింది లేదు. తంటా అంతా మ్యాగీ దగ్గరే. మూడు రాళ్లు పేర్చి, ఎండుపుల్లలు ఏరి మంట పెడితే గానీ క్యాంపింగ్ చేసినట్టు ఉండదని కుర్రకారు నమ్మకం. ఫొటోల్లో బాగానే ఉంటుంది. తెల్లారాక మిగిలేది మసిబారిన రాళ్లు, సగం కాలిన మొద్దు, దాని కింద చల్లారని బూడిద.

ఆ బూడిదతోనే భయం. మేడ్చల్ చుట్టుపక్కల ఉన్నది ఆకురాల్చే తుప్పల అడవి. సంక్రాంతి దాటితే గడ్డి ఎండుతుంది, ఆ తర్వాత రాలిన ఆకు నేలంతా పరచుకుంటుంది. మధ్యాహ్నం గాలి లేస్తే బూడిదలో దాగిన ఒక్క రవ్వ చాలు. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు. ఆ నిప్పు ఎవరు పెట్టారన్నది వేరే సంగతి. ఎండుగడ్డి వాలులో మంట వెంటపడితే మనిషి పరుగు సరిపోదు.

మరి వేడినీళ్లు ఎలా? అరచేతిలో ఇమిడే గ్యాస్ స్టవ్ ఉంది. లీటరు నీళ్లు మరగడానికి 10 నుంచి 15 గ్రాముల గ్యాస్ చాలు. మీట తిప్పితే ఆరిపోతుంది. పుల్లలు ఏరే పని లేదు, బూడిద మిగలదు.

మోసుకెళ్లే స్టవ్వేమీ మనకు తెలియని సరుకు కాదు. స్వీడన్‌లో 1892లో పుట్టిన ప్రైమస్, మన ఇళ్లలోని ఒకప్పటి కిరోసిన్ పంపు స్టవ్వుకు పెద్దన్న. బర్నర్ చుట్టూ ఉన్న గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి వెలిగించి, బర్నర్ బాగా కాలాకే పంపు కొట్టాలి. తొందరపడితే కిరోసిన్ ఆవిరి కాకుండానే చిమ్మి, పచ్చటి మంట మొహం మీదికి లేస్తుంది. ఆ కాలం ఇల్లాళ్లకు ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. 1953 ఎవరెస్టు యాత్రలో మంచు కరిగించిందీ ఆ జాతి స్టవ్వులే.

గ్యాస్ స్టవ్వుకూ దాని పేచీలు ఉన్నాయి. గాలికి ఆరిపోతోందని చుట్టూ రేకు బిగిస్తే వేడి కిందున్న డబ్బాకు తగులుతుంది, డబ్బా పేలే ప్రమాదముంది. అడ్డం ఒకవైపే పెట్టాలి. గుడారంలో వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది. స్పిరిట్ స్టవ్ అయితే పట్టపగలు మంట కంటికి ఆనదు. ఆరిందనుకుని మళ్లీ పోసేవాడి చేయి కాలుతుంది.

స్టవ్ పెట్టడానికి ఈ ప్రాంతంలో ప్రకృతే అరుగు వేసిపెట్టింది, గడ్డి మొలవని గ్రానైట్ బండ. కట్టెల మంటకు మాత్రం అది కూడా పనికిరాదు. మంట పెట్టి బండ పొరలు లేపడం రాతిపనివాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన విద్య. క్యాంపుఫైర్ చేసేదీ అదే, కాకపోతే ఏ ప్రయోజనమూ లేకుండా.

రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం కిందే నేరం. నిషేధం మంచిదే. కానీ వద్దని మాత్రమే చెబితే జనం చాటుకు పోయి, గడ్డి మరింత ఒత్తుగా ఉన్నచోట కట్టెలు పేరుస్తారు. అందుకే అటవీశాఖ శామీర్‌పేట, మేడ్చల్ పరిసరాల్లో నాలుగైదు బండలు గుర్తించి, వానలు వెలిసింది మొదలు జనవరి దాకా అక్కడ గ్యాస్ స్టవ్వుకు మాత్రమే అనుమతివ్వాలి. ఎక్కడ వెలిగించవచ్చో బోర్డు మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి, కింద బీట్ ఆఫీసర్ ఫోన్ నంబరు పెట్టాలి. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా అదీ వద్దు. ఆ నెలల్లో పులిహోర పొట్లం, ఫ్లాస్కులో చాయ్ సరిపోతాయి.