మూడు మీటలు, మూడు వ్యాకరణములు

రోడ్డు సైకిళ్ళ గేరు మీటల విషయంలో షిమానో, కంపన్యోలో, శ్రామ్ అని మూడు మతాలున్నాయి. ఒక మతంవారు మరొక మతంవారి సైకిలును చూచే చూపు పూర్వం శైవ వైష్ణవులు ఒకరి గుడిని ఒకరు చూచిన చూపుకంటె చల్లనిది కాదు. ఈ వాదాలలో ఎక్కువ భాగం బరువు ఎన్ని గ్రాములు, ధర ఎంత అనేవాటితో సరిపోతుంది. మీట అనేది చేతికీ యంత్రానికీ మధ్య నడిచే భాష కదా, ఆ భాష ఎలాంటిది అని అడిగేవారు తక్కువ. నేను జీవితమంతా భాష చెప్పి బ్రతికినవాణ్ణి గనుక నాకు ఆ ప్రశ్నే ముఖ్యంగా తోస్తుంది.

నా నిర్ణయం ముందే చెప్పివేస్తాను. సూత్రంలో ఉత్తమం కంపన్యోలో. మన ఊళ్ళలో కొనదగినది షిమానో. శ్రామ్ వారు తీగతో చేసినది నాకు నచ్చదు; తీగ తీసివేసి చేసినది చాలా నచ్చింది. మూడు వాక్యాలకూ పొంతన లేదని తొందరపడకండి, కారణాలు చిత్తగించండి.

మామూలు సైకిలు మాత్రమే ఎరిగిన మిత్రుల కోసం రెండు మాటలు. ఈ సైకిళ్ళ వెనుక చక్రానికి ఒక్క ఫ్రీవీలు పళ్ళచక్రం కాక పది, పదకొండు, పన్నెండు పళ్ళచక్రాలు మెట్లుమెట్లుగా ఉంటాయి. గొలుసు పెద్దదానిమీద ఉంటే తొక్కుడు తేలిక, నడక నెమ్మది. చిన్నదానిమీద ఉంటే తొక్కుడు బరువు, నడక వేగం. గొలుసును ఒకదానినుంచి ఒకదానికి త్రోసే పరికరం పేరు డిరేలియర్. ఇది ఫ్రెంచి మాట. పట్టాలు తప్పించేది అని అర్థం. నేను దీనిని మార్పరి అంటాను. నేర్పరి, కూర్పరి ఉండగా మార్పరి ఎందుకు ఉండరాదు? ఇక రెండవ సంస్థ పేరు సంగతి. ఇటలీవారి నోట అది దాదాపు కంపఞ్ఞోలో అని పలుకుతుంది. వర్ణమాలలో జీతం లేకుండా కూర్చున్న మన ఞకారానికి ఇన్నాళ్ళకు ఒక ఉద్యోగం దొరికిందని సంతోషించాను గాని, చదువరుల సౌకర్యార్థం కంపన్యోలో అనే వ్రాస్తున్నాను.

మార్పరి సులభంగా లోకంలోకి రాలేదు. ఫ్రాన్సు దేశపు మహా పందెమైన టూర్ ద ఫ్రాన్సులో పోటీదారులకు దానిని 1937 వరకు అనుమతించలేదు. ఆ పందెం స్థాపకుడు ఆంరి దేగ్రాంజ్‌కు గేర్లంటే గిట్టదు. అవి ముసలివారికి కావాలి, పడుచువాడు తన కండబలంతో కొండ ఎక్కాలి అన్నది ఆయన మతం. అంతవరకు రౌతులు కొండ మొదట్లో దిగి, వెనుక చక్రం ఊడదీసి, రెండోవైపు ఉన్న పెద్ద పళ్ళచక్రం పైకి వచ్చేలా త్రిప్పి బిగించుకొని మళ్ళీ ఎక్కేవారు. అరవై దాటిన నావంటివాడు దేగ్రాంజ్ మాటను శాపంగా కాక అనుమతిపత్రంగా స్వీకరిస్తాడు.

తుల్లియో కంపన్యోలో ఇటలీలోని విచెంజాలో 1933లో సంస్థ స్థాపించాడు. స్వయంగా పందెగాడు. ఆయన తొలినాళ్ళ గేరుమార్పిడి ఒకటి ఎంత విచిత్రమైనదంటే, రౌతు పరుగులో ఉండగానే చేయి వెనుకకు చాచి, ఒక కడ్డీతో చక్రపు బిగువు వదులు చేసి, పెడలు వెనుకకు త్రొక్కుతూ, మరొక కడ్డీతో గొలుసును జరిపి, మళ్ళీ బిగించాలి. దానితోనే జీనో బార్తాలి 1948 పందెం గెలిచాడు. సర్కసు కాదు, పర్వతాల మీద! అటు తరువాతనే, 1950 ప్రాంతంలో, కంపన్యోలో వారి సమాంతర చతుర్భుజపు మార్పరి వచ్చింది. నేటి మార్పరులన్నిటికీ అదే మాతృక.

షిమానో కథ మరొక తీరు. జపానులోని సకాయి పట్టణం కత్తులకూ తుపాకులకూ పేరుపడ్డ ఇనుపపనివారి ఊరు. అక్కడ షోజబురో షిమానో 1921లో ఫ్రీవీళ్ళు చేయడంతో మొదలుపెట్టాడు. ఈ సంస్థను మెచ్చుకొనేవారు ఒక విషయం తరచు మరచిపోతారు. మార్పరిలోని చతుర్భుజాన్ని ఏటవాలుగా అమర్చి, గొలుసు అన్ని పళ్ళచక్రాలకూ ఒకే దగ్గరితనంలో నడిచేట్లు చేసినది షిమానో కాదు. సన్‌టూర్ అనే జపాను సంస్థలోని నోబువో ఓజాకి. ఆ ఏడు 1964. హక్కుపత్రం గడువు 1984లో తీరింది. ఆ సంవత్సరమే షిమానో ఆ ఏటవాలును తీసుకొని, దానికి తన టిక్కుల పద్ధతిని జోడించి, డ్యూరా-ఏస్ అనే తన ఉత్తమశ్రేణిలో బయటపెట్టింది. తీగ ఒక్కొక్క టిక్కుకు ఇంత అని కొలతగా జరుగుతుంది, గొలుసు సరిగ్గా ఒక్క మెట్టు దాటుతుంది. అంతకు పూర్వం మీట వీణ తంతి మీది వేలువలె జారేది. ఎక్కడ ఆపాలో చెవికీ వేలికీ తెలియాలి. సన్‌టూర్ టిక్కుల పద్ధతికి ఆలస్యంగా వచ్చింది, పదేళ్ళు గడిచేసరికి పాత రూపంలో మిగలలేదు. ఈనాడు ఎవరి సైకిలు చూచినా ఓజాకి ఏటవాలు కనిపిస్తుంది, పేరు మాత్రం కనిపించదు. మన చాటుపద్యాల కర్తలకు పట్టిన గతే ఇది.

మీటను హ్యాండిలు మీదికి, బ్రేకు పక్కకు తెచ్చినది కూడా షిమానోయే, 1990లో. కంపన్యోలో 1992లో తన పద్ధతి తెచ్చింది. శ్రామ్ పుట్టింది 1987లో, చికాగోలో. స్కాట్, రే, శామ్ అనే ముగ్గురి పేర్లనుంచి ఏరిన అక్షరాలు ఆ పేరు. షిమానో అన్ని భాగాలూ కట్టగా కొన్న సైకిలు తయారీదారులకు ధర తగ్గించి పోటీని అణచివేస్తోందని ఈ పసిసంస్థ 1990లో దావా వేసింది, మరుసటి సంవత్సరం రాజీ కుదిరింది. రోడ్డు సైకిళ్ళ మీటలలోకి శ్రామ్ వచ్చింది 2006లో.

ఇప్పుడు వ్యాకరణం. కుడిచేతి మీట మాత్రమే తీసుకొందాం.

తీగతో నడిచే షిమానోలో బ్రేకు మీటనే లోపలికి ప్రక్కకు త్రోస్తే గొలుసు పెద్ద పళ్ళచక్రానికి ఎక్కుతుంది. దాని వెనుకనున్న చిన్న మీటను త్రోస్తే చిన్నదానికి దిగుతుంది. అనగా ఒకే మీటకు వెనుకకు లాగితే ఆగు అనీ, ప్రక్కకు త్రోస్తే మారు అనీ రెండర్థాలు. ఇది శ్లేష. చక్కని శ్లేషే, అలవాటైతే తడబాటు ఉండదు. కాని బ్రేకు అనే ప్రాణాధార పదాన్ని శ్లేషకు వాడడం నా ఛాందస మనస్సుకు రుచించదు.

శ్రామ్ తీగ పద్ధతిలో బ్రేకు బ్రేకే. దాని వెనుక ఒక్కటే మీట. కొంచెం నొక్కితే గొలుసు చిన్న పళ్ళచక్రానికి, బాగా నొక్కితే పెద్దదానికి. ఛందస్సు చదివినవారు నవ్వుకోవాలి: లఘువు నొక్కితే తొక్కుడు బరువు, గురువు నొక్కితే తేలిక! అరకు వెళ్ళే ఘాటు రోడ్డులో, శృంగవరపుకోట దాటి అనంతగిరికి ఎక్కేటప్పుడు, ఊపిరి అందని వేళ వేలు సగంలో ఆగిపోతే గురువు కావలసినది లఘువవుతుంది. తేలిక గేరు అడిగినవాడికి బరువు గేరు వస్తుంది. అడిగినదానికి సరిగా వ్యతిరేకమైనది ఇచ్చే పొరపాటును పొరపాటన్నంత మాత్రాన సరిపోదు, అది వ్యాకరణ దోషం.

కంపన్యోలోలో మూడు పనులకు మూడు మీటలు. బ్రేకు మీట కదిలేది బ్రేకుకే. వెనుకనున్న మీట పెద్దదానికి ఎక్కిస్తుంది. లోపలివైపు బొటనవేలి దగ్గరనున్న చిన్న మీట దింపుతుంది. ఒక శబ్దం, ఒక అర్థం. చీకటిలోనైనా, చెమట కళ్ళలో పడినా సందేహం లేదు. దోషం లేదా అంటే ఉంది. హ్యాండిలు క్రింది వంపులు పట్టుకొని వంగినప్పుడు బొటనవేలు ఆ మీటకు సులభంగా అందదు. పైగా ముప్పయ్యైదేళ్ళు సుద్దముక్క పట్టిన నా బొటనవేలి మొదట్లో చలికాలం నొప్పి. అంచేత నేను ఏ మీటను ఉత్తమమంటున్నానో అది నా వేలికి పడనిది. ఐనా సూత్రం సూత్రమే.

ఈ మూడూ నేను వాడి చూచినవే. మా మేనల్లుడు, వాడి స్నేహితులిద్దరు మూడు సైకిళ్ళతో విజయనగరం వచ్చి వారంరోజులున్నారు. అందులో కంపన్యోలోది జర్మనీనుంచి తిరిగివచ్చినవాడు వెంట తెచ్చుకొన్నది. “మామయ్యా, ఏది కొనుక్కోమంటావు?” అన్నాడు మావాడు, కొత్త సైకిలు మోజులో. “గొలుసు తెగితే ఎవడు అతుకుతాడో వాణ్ణి అడగరా” అన్నాను. ఈ మాట చమత్కారానికి అనలేదు. మా పేట రిపేరుషాపులోని కుర్రవాడు షిమానో మార్పరిని చెవితో సరిచేస్తాడు. చక్రం పైకెత్తి పెడలు త్రిప్పుతూ, తీగ చివర మరను పావుచుట్టు పావుచుట్టుగా త్రిప్పుతాడు. గరగర శబ్దం ఆగిన చోట చేయి ఆపుతాడు. గేరు వైరు, దాని పై తొడుగు వాడి కొట్లో ఎప్పుడూ ఉంటాయి. వాడికి ఎవరూ పాఠం చెప్పలేదు. చౌక గేరు సైకిళ్ళు వందలు చేతిమీదుగా పోయి నేర్చాడు. ఆ చౌక సైకిళ్ళలో షిమానో భాగాలే ఎక్కువ. ఒక భాష మాట్లాడేవారు ఎక్కువున్న చోట ఆ భాష నేర్వడం సులభం, అంతే.

కంపన్యోలో తీగ మీటలకు గొప్ప పేరు తెచ్చినది లోపలి స్ప్రింగులూ పళ్ళూ విడిగా అమ్మడం. మీట అరిగితే విప్పి మళ్ళీ కూర్చుకోవచ్చు. షిమానో మీట లోపల చెడితే సాధారణంగా మొత్తం మీట మార్చవలసినదే. ఈ విషయంలో నా మనస్సు నిస్సంకోచంగా ఇటలీ పక్షం. కాని విచెంజాలో దొరికే స్ప్రింగు విజయనగరంలో దొరకదు. బాగుచేయదగిన వస్తువు, బాగుచేసేవాడు లేని ఊళ్ళో, బాగుచేయరాని వస్తువుతో సమానం. అందుకే రెండవ వాక్యం వ్రాశాను.

ఇక విద్యుత్తు మీటలు. తీగకు బదులు చిన్న మోటారు గొలుసును జరుపుతుంది. ఫ్రాన్సులోని మావిక్ సంస్థ 1990లలోనే ప్రయత్నించి నిలబడలేకపోయింది. షిమానో 2009లో నిలబెట్టింది, కంపన్యోలో 2011లో వచ్చింది. శ్రామ్ 2015లో అసలు తీగే లేకుండా రేడియో సంకేతంతో నడిచే పద్ధతి తెచ్చింది. దాని వ్యాకరణం చూచి నేను ముగ్ధుణ్ణయ్యాను. కుడి మీట నొక్కితే బరువు. ఎడమ మీట నొక్కితే తేలిక. రెండూ కలిపి నొక్కితే ముందు పళ్ళచక్రం మారుతుంది. ఐదవ తరగతి పిల్లవాడికి ఒక్క నిమిషంలో చెప్పవచ్చు, వాడు జీవితంలో మరచిపోడు. లఘుగురువుల తికమక పెట్టినవారే ఇంత నిర్మలమైన సూత్రం చేశారంటే, తీగ అనే నిర్బంధమే వారిచేత అలా మాట్లాడించిందేమో. దీనికి విపర్యంగా, కంపన్యోలో 2023లో తన నిస్తంత్రి మీటలో ఆ బొటనవేలి మీటను తీసివేసింది. తన మాతృభాషలోని అక్షరాన్ని తానే కొట్టివేసినట్లయింది. 2025లో పదమూడు మెట్ల కొత్త పరికరంతో మళ్ళీ దానిని తెచ్చుకొంది. మంచిపని.

విద్యుత్తు పద్ధతి మీద నా అభ్యంతరం మార్పిడి నాణ్యత గురించి కాదు. అది తీగకంటె ఖచ్చితం, తీగ సాగడం లేదు, తుప్పు లేదు, నావంటివాడి నొప్పివేలికి మీట మెత్తన. నా బాధ మా పేట కుర్రవాడి గురించి. ఆ మార్పరి లోపలి ఆజ్ఞావళిని తాజాపరచాలంటే సంస్థవారి అనువర్తనం ఉండాలి. చెవికి పని తగ్గింది. షిమానో 2021లో పై రెండు శ్రేణులను పన్నెండు మెట్లకు మార్చినప్పుడు తీగ మీట ఇవ్వలేదు. మూడవ శ్రేణి 105లో పన్నెండు మెట్ల తీగ మీటను 2023లో తెచ్చింది. అది తెచ్చినందుకు వారికి నమస్కారం. నా మేనల్లుడికి కొనుక్కోమన్నది అదే. వాడు పెదవి విరిచాడు. పందెగాళ్ళెవరూ అది వాడరట!

పందెగాళ్ళ మాట ఎందుకులెండి. టూర్ ద ఫ్రాన్సును 2020లో, 2021లో పొగాచర్ కంపన్యోలోతో గెలిచాడు. 2022లో వింగెగార్డ్ షిమానోతో, మరుసటి సంవత్సరం అతడే శ్రామ్‌తో గెలిచాడు. 2024లో పొగాచర్ షిమానోతో గెలిచాడు. మీటలు మారాయి, కాళ్ళు అవే.

ధర అనుకూలించి, ఏ పట్టణంలోనో మంచి షాపు అందుబాటులో ఉన్నవారు, చేతివేళ్ళలో పటుత్వం తగ్గినవారు శ్రామ్ నిస్తంత్రి తీసుకోవచ్చు. బ్యాటరీ వెంట ఒకటి అదనంగా పెట్టుకోండి, ముందుదీ వెనుకదీ ఒకే రకం గనుక ఒకటి చాలు. ఇటలీ మీట దొరికినవారు దానిని అమ్ముకోకండి. మిగిలినవారందరూ తీగతో నడిచే షిమానోయే కొనండి, పాతదైనా సరే.

అన్నట్టు, మార్పరి అనే మాట మీద పండితమిత్రులెవరికైనా అభ్యంతరముంటే వ్యాఖ్యలో తెలుపగోరుతాను. మీటకు అడుగున టిక్కుమనే ఆ పంటి పరికరానికి మాత్రం నాకింకా మాట కుదరలేదు. కీలు అంటే చాలదు, కొలికి అంటే అర్థం తప్పుతోంది. పల్లెల్లో ఏతాలకో, మగ్గాలకో, గానుగలకో అటువంటి పంటికి పేరుండే ఉంటుంది. ఎరిగినవారు వ్రాయండి.