రద్దీయే ఘనత కాదు

దసరా సెలవుల్లో మైసూరు అంబావిలాస్ ప్రాసాదం జనంతో కిక్కిరిసిపోవడం ఏటా చూస్తున్నదే. దాన్ని పర్యాటక విజయంగా చాటుకునే ధోరణి మాత్రం ఇక మారాలి. 1897లో పాత దారుప్రాసాదం అగ్నికి ఆహుతయ్యాక, హెన్రీ ఇర్విన్ రూపకల్పనలో 1912 నాటికి పూర్తయిన ఈ కట్టడం రాచకొలువు కోసం వెలసింది. రోజూ వేలాదిమంది తొక్కిడిని తట్టుకోవడానికి కాదు. కల్యాణ మంటపంలోని రంగుటద్దాల పైకప్పు, గోడల మీది దసరా ఊరేగింపు వర్ణచిత్రాలు నిలిచి చూడవలసినవి. వెనకవారు తోస్తుంటే క్షణమైనా ఆగలేని సందర్శకుడికి దక్కేది సెల్‌ఫోన్ ఫొటో ఒక్కటే. చేతుల తాకిడి, దుమ్ము, ఊపిరి తేమ చేసే చేటు ఒక్కరోజులో కనిపించదు. అందుకే దానికి జవాబుదారు ఎవరూ ఉండరు. ఇరుకు దారిలో తొక్కిసలాట జరిగాక విచారణ సంఘం వేయడం కన్నా ముందే మేలుకోవడం వివేకం. తాజ్‌మహల్ సందర్శనకు 2018లోనే మూడు గంటల గడువు విధించారు. మైసూరులోనూ గంటలవారీ టికెట్లు, ఒక్కో విడతకు సందర్శకుల పరిమితి, వృద్ధులకూ దివ్యాంగులకూ ప్రత్యేక వేళలు అమలు చేయాలి. రాయలసీమ, తెలంగాణల నుంచి రాత్రంతా ప్రయాణించి వెళ్లే కుటుంబాలకు తమ వంతు ఎప్పుడో బయల్దేరకముందే తెలియాలి. రుసుము పెంచి రద్దీ తగ్గించాలనుకోవడం సామాన్యుణ్ణి గేటు బయట నిలబెట్టడమే అవుతుంది. టికెట్ల రాబడిలో పరిరక్షణకు ఎంత వెచ్చించారో ప్రాసాద పాలకమండలి ఏటా ప్రజల ముందుంచాలి.