ఇమ్యూనిటీ పెంచుతారట - ఏ ఇమ్యూనిటీని బాబూ?

సూరత్ రింగ్ రోడ్ లో బట్టల మార్కెట్ల మధ్య ఒక చిన్న కొట్టు. బయట బోర్డు: "ఇమ్యూనిటీ పెంచే చూర్ణం. కీళ్ళవాతం, ఆస్తమా, సోరియాసిస్ కి గ్యారంటీ." మూడు రోగాలకీ ఒకటే డబ్బా! రుమటాయిడ్ కీళ్ళవాతం, అలెర్జీ వల్ల వచ్చే ఆస్తమా, సోరియాసిస్ ఇమ్యూనిటీ తక్కువై వచ్చేవి కావు, అది దారి తప్పితే వచ్చేవి. మండుతున్న ఇంటి మీద కిరోసిన్ పోసి ఆర్పుతానన్నట్టుంది ఈ బేరం.

నవ్వి ఊరుకుందును. కానీ తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడి లింబాయత్ లో స్థిరపడ్డ నేత కుటుంబాల్లో నాకు తెలిసిన ఒక చెల్లెమ్మ ఉంది. ఆమెది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటూ, ఇంట్లోనే చీరలకి స్టోన్లు అంటించి నాలుగు రూపాయలు సంపాదించుకునేది. "ఆ మందు ఇమ్యూనిటీని చంపుతుంది, మాది పెంచుతుంది" అన్న మాట నమ్మి మందు మానేసింది. ఆరు నెలలు తిరక్కుండా వేళ్ళు వాచిపోయాయి. "స్టోన్ పట్టుకుంటే జారిపోతుందన్నా" అంది. పని పోయింది. డబ్బా అమ్మినవాడికి మాత్రం నష్టం లేదు.

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి. కానీ సైన్యం గురించి ఒక్క సంగతి తెలుసు. తుపాకులెన్ని ఉన్నాయన్నది సగం లెక్కే. ఎవరిమీద పేల్చకూడదో చెప్పే అదుపు మిగతా సగం. శరీరంలోనూ అంతే.

హెల్పర్ టి కణాలు ఒక రకం కావు. 1986లో మోస్మన్, కాఫ్మన్ ఎలుకల్లో వీటిని రెండు రకాలుగా గుర్తించారు. టీహెచ్-1 కణాలు క్షయ లాంటి, కణాల లోపల దాక్కునే క్రిముల మీదికి మాక్రోఫేజ్ లను ఉసిగొల్పుతాయి. టీహెచ్-2 కణాలు నులిపురుగుల మీద పనికొస్తాయి, హద్దు మీరితే అలెర్జీ, ఆస్తమా తెస్తాయి. తర్వాత తేలిన టీహెచ్-17 కణాలు ఫంగస్ ని అడ్డుకుంటాయి, శ్రుతి మించితే సోరియాసిస్ కి కారణమవుతాయి. మరి చూర్ణం వాళ్ళు పెంచేది వీటిలో దేన్ని? అన్నిటినీనా? అయితే ఆస్తమా, సోరియాసిస్ కూడా పెరగాలి కదా!

ఇక అదుపు సంగతి. సొంత శరీరం మీద దాడి చేసే టి కణాలను చాలావరకు థైమస్ గ్రంథే ఏరిపారేస్తుంది. తప్పించుకున్నవాటిని బయట కాపలా కాసేవి రెగ్యులేటరీ టి కణాలు. 1995లో షిమోన్ సకగుచి వీటిని చూపించాడు. 2001లో మేరీ బ్రన్కో, ఫ్రెడ్ రామ్స్ డెల్ ఫాక్స్ పి3 అనే జన్యువు సంగతి బయటపెట్టారు. అది చెడిన పసివాళ్ళలో సొంత రోగనిరోధక వ్యవస్థే పేగుల్నీ, చర్మాన్నీ, ఇన్సులిన్ చేసే కణాల్నీ నాశనం చేస్తుంది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పిల్లలకి కావలసింది ఇమ్యూనిటీ పెంచడమా? కళ్ళెం వెయ్యడమా?

టి కణాల మీట నొక్కితే ఏమవుతుందో 2006 మార్చిలో లండన్ లో చూశారు. టీజీఎన్ 1412 అనే మందు అదుపు చేసే కణాలను పెంచుతుందనుకున్నారు. జంతువుల్లో సురక్షితమన్న మోతాదులో 500వ వంతు ఆరుగురు ఆరోగ్యవంతులకిచ్చారు. గంటల్లో ఆరుగురి ప్రాణాల మీదికీ వచ్చింది. శాస్త్రవేత్తలకే ఇలా ఎదురు తిరిగింది. కానీ తేడా చూడండి. వాళ్ళు ఆ తప్పుని దాచలేదు. విచారణ జరిగింది, మనుషుల మీద తొలి ప్రయోగాల నియమాలు మారాయి. మన చూర్ణాలకి అలాంటి విచారణ ఎప్పుడైనా జరిగిందా?

కోవిడ్ రోజుల్లో ఇంటింటా తిప్పతీగ కషాయం తాగారు. 2021లో ముంబై డాక్టర్లు అది వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్న తీరుని ప్రచురించారు. అది సొంత ఇమ్యూనిటీ కాలేయం మీద పడినప్పటి తీరుని పోలి ఉంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ మాత్రం ఆ పరిశోధననే తప్పుపట్టింది.

"అల్లోపతి మందులకి దుష్ఫలితాలు లేవా?" అంటారు. ఉన్నాయి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఆ మాట డాక్టరే చెప్తాడు, కాగితం మీదా ఉంటుంది. ఖర్చూ జమా రెండూ చూపించే పద్దు అది. జమ మాత్రమే చూపించే పద్దుని నా ఉద్యోగంలో ఏమనేవాళ్ళమో చెప్పక్కర్లేదు. "టీకా కూడా ఇమ్యూనిటీ పెంచేదేగా?" అంటారు. టీకా ఫలానా క్రిమిని గుర్తుపట్టడం నేర్పుతుంది, గాల్లోకి తుపాకులు పేల్చదు.

1994 సెప్టెంబరులో ఇదే సూరత్ లో ప్లేగు వచ్చింది. లక్షలమంది ఊరొదిలి పారిపోయారు. కాపాడింది టెట్రాసైక్లిన్. తర్వాత 1995లో కమిషనర్ గా వచ్చిన ఎస్.ఆర్.రావు ఊరి చెత్త ఎత్తించారు. చూర్ణాలు పంచలేదు.

కీళ్ళవాతం నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అయినా బోర్డు వేలాడుతూనే ఉంది. ఈసారి ఎవరైనా ఇమ్యూనిటీ పెంచుతామంటే ఒక్క ప్రశ్న అడగండి: "ఏ కణాన్ని, ఎంత, ఆపేదెలా?" జవాబు రాకపోతే డబ్బా అక్కడే పెట్టి రండి. డాక్టర్ రాసిన మందు మాత్రం మానకండి.