చీకటికీ ఒక లెక్క ఉండాలి



కరువును గురించీ, నిరుద్యోగాన్ని గురించీ ఇలాంటి సంచికల్లో చాలామంది వ్రాశారు, ఇంకా వ్రాస్తారు. నేను మాత్రం మన చీకటిని గురించి రెండు మాటలు చెప్పదలచుకున్నాను. నవ్వకండి. మనకు ఉన్న కొద్దిపాటి ఆస్తుల్లో అదీ ఒకటి.

మా పెద్దమండ్యం దాదాపు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుచేత ధ్రువుడు ఉత్తరాన 14 డిగ్రీల ఎత్తులో నిలిచి ఉంటాడు. దక్షిణాన త్రిశంకువూ ఇంచుమించు అంతే ఎత్తుకు వస్తాడు. కాశ్మీరంలో త్రిశంకువు పైకే రాడు. ఆస్ట్రేలియా వాళ్ళకు ధ్రువుడు కనిపించడు. మన గుట్టమీద నిలబడితే ఇద్దరూ దక్కుతారు.

ఈ ఆకాశాన్ని ఫోటో తీద్దామంటే మొదటి శత్రువు గాలి. హార్సిలీ కొండ, అంటే మన ఏనుగు మల్లమ్మ కొండ, సుమారు 1,265 మీటర్ల ఎత్తు. అంత ఎత్తున గాలి వీస్తుంటే మూడుకాళ్ళ స్టాండు వణుకుతుంది, చుక్క కాస్తా పురుగులా వంకర తిరుగుతుంది. స్టాండు కాళ్ళు పొడవుగా లాగకూడదు. కెమెరా పటకా ఊడదీయాలి. రాళ్ళసంచి కట్టినా అది ఊగకుండా నేలకు ఆనాలి. భూమి 4 నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది గనుక, 24 మిల్లీమీటర్ల లెన్సుతో కూడా 20 సెకండ్లు దాటితే చుక్క గీతవుతుంది. కాబట్టి చిన్నచిన్న ఫోటోలు చాలా తీసి, కదిలినవి పారేసి, మిగిలినవి కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చాలి. ఇదంతా ఓపికతో నేర్చుకోదగిన పనే.

రెండో శత్రువు వెలుగు. దానికి ఇన్ని ఉపాయాలు లేవు. హైదరాబాదు నిజామియా వేధశాల, 1887లో పారిస్‌లో తలపెట్టిన ఆకాశ పట పథకంలో చేరి, లక్షల నక్షత్రాల స్థానాలను ఫోటో పలకల మీద కొలిచింది. నగరం పెరిగాక కొత్త దుర్భిణిని ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టుకోవలసి వచ్చింది. హైదరాబాదులోనే చదువుకున్న వేణు బప్పు కూడా చీకటిని వెతుక్కుంటూ జవ్వాది కొండల్లోని కావలూరుకు వెళ్ళారు. అది మన కుప్పానికి ఏమంత దూరం కాదు. అక్కడి 2.34 మీటర్ల దుర్భిణికి 1986లో ఆయన పేరే పెట్టారు.

ఆ పాత పలకలు వృథా పోలేదు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికకు నక్షత్రాల కదలికలు లెక్కగట్టడంలో ఆనాటి కొలతలే ఆధారమయ్యాయి. తీసినవారికి అది తెలియదు. తారీఖు వేసి భద్రంగా దాచారు, అంతే.

నా ప్రతిపాదన ఇది. ఏటా మహాశివరాత్రి నాడు చంద్రుడు తెల్లవారుజాము దాకా రాడు, మబ్బూ తక్కువ. జాగారం ఎలాగూ ఉంది! ఆ రాత్రి రెండు గంటల ప్రాంతంలో త్రిశంకువు దక్షిణాన నిలువుగా నిలుస్తాడు. మన సంఘం ఒక గట్టి స్టాండు కొని, ఏటా అదే గుట్ట, అదే దిక్కు, అదే లెన్సు, అన్నే సెకండ్లతో ఒక ఫోటో తీసి ఈ సంచికలో అచ్చువేయాలి. పదేళ్ళకు మన చీకటి ఎంత మిగిలిందో, ఏ ఊరి వెలుగు ఎంత పైకెక్కిందో ఎవరూ ఉపన్యసించకుండానే తెలుస్తుంది.

"చుక్కలు కూడు పెడతాయా నాయనా?" అని మా వైపు పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కరెంటు కోసం ఏళ్ళతరబడి కాచుకున్న పల్లెలకు చీకటి గొప్పదని నీతులు చెప్పే హక్కు నాకు లేదు. వీధిదీపం ఆర్పమని నేననడం లేదు. దానికి పైన రేకు కప్పితే వెలుగు బాటమీద పడుతుంది, ఆకాశం మిగులుతుంది, కరెంటు బిల్లూ తగ్గవచ్చు. పంచాయతీకి ఆ సంగతి చెప్పడానికి వెళ్ళేటప్పుడు మన చేతిలో వట్టి ఆవేశం ఉంటే చాలదు, పదేళ్ళ ఫోటోలుండాలి.

స్టాండుకయ్యే ఖర్చు వార్షికోత్సవంలో ఒక పూట మైకుసెట్టుకు పెట్టేదానికన్నా మరీ ఎక్కువేం కాదు. వచ్చే కార్యవర్గం వారు తమ మొదటి సమావేశంలోనే ఈ విషయం చర్చకు పెట్టాలని కోరుతున్నాను. భౌతికశాస్త్ర అధ్యాపకులు ముందు నడిస్తే, రాళ్ళసంచి మోయడానికి నేను సిద్ధం.