సోలార్ పార్కులకు రాయితీల కన్నా ఇంజినీర్లు ముఖ్యం

ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కును ప్రైవేటు పెట్టుబడి ఘనతగా చెప్పుకుంటుంటారు. అది సగం నిజమే. కంపెనీలు ప్యానెళ్లు బిగించకముందే భూమి, రోడ్లు, సబ్‌స్టేషన్లు సిద్ధం చేసింది కేంద్ర సంస్థ సెకీ, రాష్ట్ర సంస్థలు ఏపీ జెన్‌కో, నెడ్‌క్యాప్ కలిసి పెట్టిన సంస్థ. మెగావాటు ప్లాంటుకు ఆరు కోట్ల రూపాయల దాకా ఖర్చయ్యే ఆ రోజుల్లో, సోలార్ పార్కుల పథకం కింద కేంద్రం ఇచ్చింది మెగావాటుకు గరిష్ఠంగా 20 లక్షలే. డబ్బు కొంచెం, ముందుచూపుతో చేసిన పని ఎక్కువ. దాని విలువ మధ్యప్రదేశ్‌లోని రీవా సోలార్ పార్కులో ఇంకా బాగా తెలిసింది. 2015 నవంబరులో కర్నూలు పార్కుకు యూనిట్ ధర 4.63 రూపాయలు పలికితే, 2017 ఫిబ్రవరిలో రీవాలో మొదటి ఏడాది ధర 2.97కు దిగింది. ఇందులో పెద్ద వాటా ప్యానెళ్ల ధరలు పడిపోవడానిదే, కాదనలేం. కానీ భూమి, లైను, బిల్లుల చెల్లింపుకు హామీ ముందే ఖాయం కావడంతో, నష్టభయానికి కంపెనీలు ధరలో కలుపుకునే మొత్తం కూడా తగ్గింది.

చిక్కల్లా ప్రారంభోత్సవం తర్వాతే. కరెంటు కొనుగోలు ఒప్పందం 25 ఏళ్లది. రిబ్బను కత్తిరించాక ప్రభుత్వ ఇంజినీరు ఊసు పెద్దగా వినపడదు. ప్యానెళ్ల ఉత్పత్తి ఏటా కొంత తగ్గుతుంది, దుమ్ము ఇంకొంత తినేస్తుంది. గ్రిడ్‌కేమో రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, దేనిలో ఎంత కరెంటు వస్తుందో ముందే చెప్పాలి. ఆ అంచనా తప్పితే భారంలో కొంత చివరికి డిస్కం మీదా, వినియోగదారు మీదా పడుతుంది. లైన్ల సంగతి మరీ ఘోరం. ప్లాంటు ఏడాదిన్నరలో లేస్తుంది, పెద్ద లైనుకు అంతకన్నా చాలా ఎక్కువ కాలం కావాలి. రాజస్థాన్‌లో 2025లో లైన్లు చాలక, పట్టపగలు తయారయ్యే కరెంటును ఆపేయాల్సి వచ్చింది. అందుకే ప్రతి రాష్ట్రానికీ ట్రాన్స్‌కో, లోడ్ డిస్పాచ్ కేంద్రాలతో కలిసి పనిచేసే శాశ్వత ఇంజినీర్ల విభాగం ఉండాలి. ఉత్పత్తిని కొలవడం, లైన్లకు ముందుగా ప్రణాళిక వేయడం, ప్రతి పార్కు లెక్కలు జనం ముందుంచడం దాని పని.

కోట్లున్న కంపెనీలకు ప్రజల సొమ్ముతో సేవ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కంపెనీలు కట్టే పార్కు వాడుక రుసుములోంచే ఈ విభాగానికి జీతాలివ్వొచ్చు. కంపెనీలకు సొంత ఇంజినీర్లు లేరా అంటే, ఉన్నారు. కానీ వాళ్లు చూసేది తమ ప్లాంటునే, గ్రిడ్‌ను కాదు. ఇక రాజకీయం: 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడింది, 2022లో హైకోర్టు ఒప్పందంలోని ధరే చెల్లించమంది. మాట మీద నిలబడని సర్కారు ఎంత సాంకేతిక సాయం చేసినా పెట్టుబడిదారుకు నమ్మకం కలగదు.

భూమి విషయంలో మాత్రం ఇంజినీర్ల లెక్కలు చాలవు. కర్ణాటకలోని పావగడలో సోలార్ పార్కుకు సుమారు 13 వేల ఎకరాలు కొనకుండా కౌలుకు తీసుకున్నారు. రైతుకు హక్కూ మిగిలింది, ఏటా డబ్బూ అందింది. ఆ పొలాల్లో పని చేసుకు బతికిన కూలీలకు మాత్రం కౌలులో వాటా లేదు. ఏ పార్కుకైనా ప్రాజెక్టు నివేదికలో ఎండ, లైను లెక్కలతోపాటు వీళ్ల జీవనోపాధి లెక్క కూడా ఉండాలి. పైన చెప్పిన ఇంజినీర్ల విభాగం ఏర్పడేదాకా రాష్ట్రాలు కొత్త పార్కులకు టెండర్లు పిలవకూడదు.